రెండు వాపులు

పిండికట్టు కోసేసిన మూడో రోజు పొద్దున్నే రాయమల్లు అక్కకు ఫోన్ చేశాడు. పక్కన భార్య వింటుందనేమో, గొంతు బాగా తగ్గించి మాట్లాడుతున్నాడు.

“అక్కా, నా కాలు వాచింది. నీ కాలు లెక్కనే అయితాందేమోనని బుగులైతాంది.”

సమ్మమ్మ వరంగల్లు మట్టెవాడలో తానుండే గదిలో కూర్చుని కండెలు చుడుతోంది. తిరుగుతున్న చర్ఖాను చేత్తో ఆపింది.

“ఎప్పటి సంది?”

“నిన్న పగటీలి సంది. పొద్దుగాల లేచి చూస్తే పిక్క బండ లెక్క అయింది. ముట్టుకుంటే పానం పోతాంది.”

ముట్టుకుంటే నొప్పి అన్న మాట దగ్గర సమ్మమ్మ ఆలోచనలో పడింది. “కాలు కింద పెట్టకు, నేనొస్తాన,” అని ఫోన్ పెట్టేసింది.

ఆమెకు యాభై దాటాయి. కుడికాలికి బోదకాలు వచ్చి పద్దెనిమిదేళ్లు. భర్త భీవండికి మగ్గాల పనికని పోయి అక్కడే ఇంకో సంసారం పెట్టుకున్నాడు. ఆ కాలు వల్లే పోయాడని లోకం అంటుంది, సమ్మమ్మ అవుననదు, కాదనదు. కుచ్చిళ్లు నేలకు తాకేలా చీర కట్టి ఆ కాలును ఎవరి కంటా పడనివ్వకుండా బతుకుతోంది. రోజుకు రెండుసార్లు సబ్బుతో కడిగి, వేళ్ల సందులు తడి లేకుండా తుడిచి, పడుకునేటప్పుడు మంచం కాళ్ల వైపు కింద ఇటుకలు పెట్టుకుంటుంది. నెలకోసారి ఫైలేరియా మందులిచ్చే ఆరోగ్య కేంద్రానికి వెళ్తుంది. ఆ రోజు తప్ప ఆ కాలు గురించి నోరు విప్పదు.

తమ్ముడు కొత్తవాడలో పవర్‌లూమ్ షెడ్డులో పనిచేస్తాడు. పోయిన నెల నూనె మరకల మీద కాలు జారి పడి మడమ ఎముక పగిలింది. ఐదు వారాలు కట్టులో ఉంచాలన్నారు. వేళ్లు కదిలిస్తుండాలని, మంచం మీదైనా కాలు ఆడిస్తుండాలని డాక్టరు మరీ మరీ చెప్పి పంపాడు. రాయమల్లు ఆ మాట వినలేదు. కదిలిస్తే ఎముక కూడదని అతని నమ్మకం. ఐదు వారాలూ ఫోన్ చూసుకుంటూ కట్టెలా పడుకున్నాడు.

సమ్మమ్మ వెళ్లేసరికి మరదలు వినోద వాకిట్లో గిన్నెలు తోముతోంది. తలెత్తి చూసింది, “రా వదినె” అనలేదు. సమ్మమ్మ చెప్పులు బయట విడిచి లోపలికి నడిచింది.

రాయమల్లు గోడకు ఆనుకుని కూర్చున్నాడు. లుంగీ మోకాలి దాకా లాక్కుని ఉంది. ఎడమకాలు సన్నగా ఉంది. కుడికాలు మోకాలి కింది నుంచి బిగుసుకుని, నూనె రాసినట్టు మెరుస్తూ, అక్కడక్కడ నేరేడు రంగు తిరిగి ఉంది. సమ్మమ్మ అరచెయ్యి ఆనించింది. వేడిగా ఉంది. బొటనవేలితో పిక్క మీద మెల్లగా ఒత్తింది. రాయమల్లు పళ్లు బిగించి వెనక్కి పడ్డాడు.

తన కాలు ఎప్పుడూ ఇలా లేదు. మొదట చలిజ్వరం వచ్చేది, గజ్జల్లో బిళ్ల కట్టేది, పాదం కాస్త బరువెక్కేది, నాలుగు రోజుల్లో తగ్గేది. మళ్లీ ఆరు నెలలకు ఇంకోసారి. అలా వచ్చిపోతూ, వచ్చిపోతూ, ఆరేళ్లకు గాని పోని వాపుగా నిలబడలేదు.

ఆరోగ్య కేంద్రంలో నర్సు స్నేహలత ఒకసారి పాత క్యాలెండర్ వెనక మనిషి బొమ్మ గీసి, అందులో మూడు రంగుల గీతలు గీసింది. ఆ బొమ్మ సమ్మమ్మకు ఇప్పటికీ కళ్లకు కట్టినట్టు ఉంటుంది.

“ఎర్రగీతలేమో గుండెల నుంచి రక్తం బయటికి పోయే తొవ్వలు,” అంది స్నేహలత. “నీలిగీతలు వాపసు వచ్చే తొవ్వలు. కాళ్లల్ల రక్తం గుండె దాకా ఎక్కాలంటే తిప్పలే గదా? పిక్కనే దానికి మోటరు. నువ్వు నడిచినప్పుడల్లా పిక్క పిండుతది, రక్తం పైకెక్కుతది. లోపట చిన్నచిన్న తలుపులుంటయి, ఎక్కిన రక్తాన్ని మళ్ల దిగనియ్యవు.”

“మరి గీ పచ్చగీతలేంది సిస్టర్?”

“నీ రోగం గిండ్లనే ఉన్నది. రక్తం తిరిగే తొవ్వల నుంచి జర నీరు బయటికి ఊరుతనే ఉంటది. ఆ నీరును ఏరుకొచ్చి మళ్ల రక్తంల కలిపే సన్నదారులివి. గజ్జల్ల, సంకల బిళ్లలుంటయి చూడు, అవి చెక్‌పోస్టులు. రోగాన్ని ఆడనే ఆపుతయి. దోమకాటుతోని వచ్చిన పురుగులు గీ పచ్చదారుల్ల ఇల్లు కట్టుకున్నయి. దారి చెడింది, నీరు నిలిచింది.”

“నీలితొవ్వ మూసుకపోతే?” అని సమ్మమ్మ ఊరికే అడిగింది.

స్నేహలత పెన్ను మూత పెడుతూ, “అది ఏండ్లకేండ్లు రాదు సమ్మక్కా, ఒకటి రెండు దినాలల్లనే వస్తది. కాలే కాదు, మనిషే పోవచ్చు,” అంది. తర్వాత ఇంకొకరి పేరు పిలిచింది.

ఆ మాట గుర్తొచ్చి సమ్మమ్మ తమ్ముడి కాలి మీది నుంచి చెయ్యి తీసేసింది.

“పెద్ద దవాఖానకు పోదాం తమ్మీ. ఇప్పుడే.”

రాయమల్లు జవాబు చెప్పేలోపే వినోద గుమ్మంలోకి వచ్చింది. “లింగమూర్తి కాకను పిలిచిన. నిన్న మాపటికి జరంత నూనె రాసి పోయిండు, కొంచెం తేలికైందన్నడు ఈయన. పదింటికి మళ్లొస్తడు, మంచిగ మాలిష్ చేస్తే నీరు దిగుతదన్నడు.”

“వద్దు వినోదా. గిది నీరు కాదనిపిస్తాంది. రక్తం గడ్డకట్టిందేమో.”

“నీకెట్ల తెలుసు? నువ్వేమన్న డాక్టరువా?” వినోద గొంతు పెరిగింది. ఎన్నాళ్ల నుంచో దాచుకున్న మాట బయటికి వచ్చింది. “కాలు ఇరగక ముందు దాక నీ ఇంటికొచ్చిండు, నీ చేతి బువ్వ తిన్నడు, నీ మంచంల పన్నడు. ఇప్పుడు కాలు వాచింది. అంటిచ్చిందీ నువ్వే, వైద్యం చెప్పేదీ నువ్వేనా?”

పక్కింటావిడ కిటికీలోంచి చూస్తోంది. సమ్మమ్మ చీర కుచ్చిళ్లను గుప్పిట్లో పట్టుకుంది. అది తింటే అంటేది కాదని, ముట్టుకుంటే అంటేది కాదని చెప్పాల్సింది. తమ్ముడి వైపు చూసింది. అతను గోడ వైపు చూస్తున్నాడు. ఆమె బయటికి వచ్చేసింది.

వీధి మలుపులో మూసి ఉన్న బట్టల దుకాణం మెట్ల మీద కూర్చుని స్నేహలతకు ఫోన్ చేసింది. ఎత్తలేదు. మళ్లీ చేసింది. ఆ వేళ బుధవారం, పిల్లలకు టీకాలేసే రోజు, ఫోన్ సంచిలో ఉండి ఉంటుంది. అలా కూర్చుని ఉండగానే లింగమూర్తి ఎదురుగా వచ్చాడు. అరవై ఎనిమిదేళ్ల మనిషి, భుజాన గుడ్డసంచి, అందులో నూనె సీసా. వరంగల్లులోనే కాదు, చుట్టూ ఊళ్లలో కూడా బెణికిన చేతులకు, జారిన కీళ్లకు ఆయన చెయ్యంటే గురి. ఎవరినీ ఇంతని అడగడు, ఇచ్చింది తీసుకుంటాడు.

“ఏం బిడ్డా, ఎండల కూసున్నవు?” అన్నాడు.

“ఏం లేదు కాకా.”

ఆయన మలుపు తిరిగి వెళ్లిపోయాడు. ఆపొచ్చు. ఒక్క మాట అనొచ్చు. ‘నీకెట్ల తెలుసు’ అని ఆయన కూడా అడుగుతాడని, మళ్లీ అందరి కళ్లూ తన కాలి మీదికే వస్తాయని సమ్మమ్మ ఆ మెట్ల మీదే ఉండిపోయింది. అరగంట గడిచింది.

స్నేహలత నుంచి ఫోన్ వచ్చింది. సమ్మమ్మ చెప్పినదంతా విని, “ఒక్క కాలేనా?” అని అడిగింది.

“ఒక్కటే.”

“కట్టుల ఎన్ని దినాలున్నడు?”

“ఐదు వారాలు.”

“సమ్మక్కా, ఆ కాలును ఎవ్వరు ముట్టొద్దు. రుద్దొద్దు, పిసకొద్దు. నడిపియ్యొద్దు గుడా. లోపట గడ్డ ఊడిందంటే సీదా గుండెలకెల్లి ఊపిరితిత్తులకు పోయి అడ్డం పడతది. పండుకోబెట్టి దవాఖానకు తేండ్రి. నేను ఫోన్ చేసి చెప్తా.”

పద్దెనిమిదేళ్లలో సమ్మమ్మ పరుగెత్తింది ఆ రోజే. బరువు కాలు ఒక్కో అడుగుకూ వెనక్కి లాగింది. దారిలో కొంగు జారింది, చెప్పు ఒకటి ఊడిపోయింది. ఆమె ఆగలేదు.

లోపల నూనె వాసన. లింగమూర్తి మంచం చివర కూర్చుని, రాయమల్లు పాదాన్ని ఒడిలో పెట్టుకుని, రెండు బొటనవేళ్లతో పిక్కను కింది నుంచి పైకి నొక్కుతూ పోతున్నాడు. రాయమల్లు నోట్లో తువ్వాలు కుక్కుకుని ఉన్నాడు. వినోద, ఇద్దరు ఇరుగుపొరుగు ఆడవాళ్లు చుట్టూ నిలబడ్డారు.

“కాకా, చెయ్యి తియ్యి.”

“జర ఆగు బిడ్డా. దిగుతాంది.”

“దిగుతలేదు. పైకి పోతాంది. చెయ్యి తియ్యి.”

వినోద అడ్డం రాబోయింది. సమ్మమ్మ ఆమెను దాటి మంచం మీద కూర్చుంది. చీరను మోకాలి దాకా పైకి లాగి, తన కుడికాలును తమ్ముడి కాలి పక్కన పెట్టింది. పాదం మీద మడతలు మడతలుగా వేలాడే చర్మం, చెట్టు బెరడులా గట్టిపడిన పిక్క, మచ్చలు. తోడబుట్టినవాడు కూడా ఇంత దగ్గరగా ఎన్నడూ చూడలేదు.

“గిది బోదకాలు. మంచిగ చూడుండ్రి. గిట్ల కానీకి దీనికి ఆరేండ్లు పట్టింది. వీంది ఒక్కరోజుల అయింది. నాది ఒత్తుండ్రి, నొయ్యది. వీంది ముట్టుకుంటేనే కాలుతాంది. కాకా, నువ్వు చేతులతోని బతికినోనివి. రెండు ముట్టి చూసి చెప్పు, రెండు ఒక్కటేనా?”

లింగమూర్తి నూనె చేతిని తువ్వాలుకు తుడుచుకున్నాడు. ముందు ఆమె కాలి మీద వేళ్లు ఆనించాడు, నిదానంగా, వెతుకుతున్నట్టు. తర్వాత రాయమల్లు కాలి మీద. ఆయన నుదురు ముడిపడింది. ఒడిలోని పాదాన్ని ఎత్తి గాజుగ్లాసు దించినట్టు మంచం మీద దించాడు.

“ఒక్కటి కాదు,” అన్నాడు.

అదే సమయానికి రాయమల్లు దగ్గాడు. పొడి దగ్గు, ఒకటి, రెండు. తువ్వాలు నోట్లోంచి తీసి, ఏదో అర్థం కానట్టు చుట్టూ చూశాడు.

“అక్కా, ఊపిరి అందుతలేదు.”

మూడోసారి దగ్గినప్పుడు తువ్వాలు మీద ఎర్రటి చుక్కలు పడ్డాయి. వినోద వాటిని చూసింది, వదినెను చూసింది. పరుగున వెళ్లి ఆటోను తీసుకొచ్చింది.

ఆటోలో రాయమల్లు తల సమ్మమ్మ ఒడిలో ఉంది. పెదవులు నల్లబడుతున్నాయి. రైలు గేటు దగ్గర ఆటో ఆగిపోయింది. గూడ్సు బండి ఒక్కో పెట్టె దాటుతుంటే అతని ఛాతీ ఎగిరెగిరి పడుతోంది. వినోద అతని కాలును రెండు చేతులతో కదలకుండా పట్టుకుని, ఇప్పుడు దాన్ని పట్టుకోవాలో వదిలేయాలో తెలియక, “వదినె, పట్టుకోవచ్చా?” అని అడిగింది.

“కదిలియ్యకు. అంతే.”

దవాఖానలో స్నేహలత ముందే చెప్పి ఉంచడం వల్ల స్ట్రెచర్ సిద్ధంగా ఉంది. ముక్కుకు ఆక్సిజన్ పెట్టారు, స్కానింగ్‌కు తీసుకెళ్లారు, పొట్ట మీద సూది ఇచ్చారు. మధ్యాహ్నం డ్యూటీ డాక్టరమ్మ ఫిల్ము వెలుగుకు పట్టి చూపించింది. ఊపిరితిత్తుల్లోకి పోయే రక్తనాళం పెద్ద కొమ్మ ఒకటి మధ్యలో తెగినట్టు ఆగిపోయి ఉంది.

“గడ్డలోంచి చిన్న ముక్క ఊడి ఇక్కడ చిక్కుకుంది,” అంది. “పెద్దభాగం ఇంకా కాలిలోనే ఉంది. ఇంజెక్షన్లు గడ్డ పెరగకుండా ఆపుతాయి, కరిగించుకోవాల్సింది ఆయన శరీరమే. ఈ వారం రోజులూ మనం చెయ్యగలిగింది చేస్తాం. మిగతాది చెప్పలేను.”

ఆ వారం ఎలా గడిచిందో తర్వాత సమ్మమ్మ సరిగ్గా చెప్పలేకపోయింది. రాయమల్లు దగ్గితే సమ్మమ్మా వినోదా లేచి నిలబడేవాళ్లు. మూడో రోజు పక్క మంచం మీది మనిషి నవ్వుతూ టీ తాగుతూ తాగుతూ పోయాడు. ఆయన రోగం వేరు, అయినా వినోద ఆ రోజంతా భర్త పాదం మీది దుప్పటి సర్దడానికి కూడా చెయ్యి పెట్టలేదు. నాలుగో రోజు సమ్మమ్మకు చలిజ్వరం వచ్చింది. కాలు కడగక మూడు రోజులు, చెప్పు లేకుండా పరుగెత్తినప్పుడు పగిలిన మడమ. గజ్జల్లో బిళ్ల కోడిగుడ్డంత అయింది. స్నేహలత వచ్చి తిట్టి, మందులిచ్చి, వరండాలో పడుకోబెట్టింది. పడుకున్న చోటు నుంచి కూడా ఆమె తమ్ముడి దగ్గు కోసమే చెవులు రిక్కించి ఉంది.

రాయమల్లు బతికాడు. పదకొండో రోజు ఇంటికి పంపారు. ఆరు నెలలు మాత్రలు, ప్రతి పదిహేను రోజులకూ రక్తపరీక్ష. పన్నెండు గంటలు మగ్గం ముందు నిలబడే పని ఇక కుదరదు. ఈ రోగం మళ్లీ రాదని మాత్రం డాక్టరమ్మ అనలేదు.

ఇంటికి పంపే ముందురోజు లింగమూర్తి దవాఖానకు వచ్చాడు. సంచి లేదు. రాయమల్లును చూసి, బయటికొచ్చి సమ్మమ్మ పక్కన బెంచీ మీద కూర్చున్నాడు. తన అరచేతులు చూసుకుంటూ చెప్పాడు.

“బిడ్డా, తొమ్మిదేండ్ల కింద రఘునాథపల్లిల ఉప్పలయ్యని ఒకాయన ఉండె. ట్రాక్టర్ మీదికెల్లి పడ్డడు. కట్టు ఇప్పినంక కాలు వాచింది. మూడు దినాలు రుద్దిన. మూడోనాడు దగ్గిండు. నేనే నీళ్లు తాపిన. నా చేతుల్లనే పోయిండు.”

సమ్మమ్మ ఆయన వైపు తిరిగింది.

“గుండె ఆగిందన్నరు. ఆ పొద్దున పెండ్లాం మల్లవ్వతోని లొల్లయిందట, ‘నువ్వు సచ్చినా పీడ పాయె’ అన్నదట ఆమె. ఆ మాటకే పోయిండని ఊరంత అన్నది. పోయినేడు ఆడికి పోతే మల్లవ్వ నాతోనన్నది, ‘నా నోరే తిన్నది కాకా ఆయనను’ అని.” ఆయన సమ్మమ్మ ముఖంలోకి చూశాడు. “గది గుడా గిదేనా?”

తెలియదని చెప్పొచ్చు. నిజానికి ఖాయంగా తెలియదు కూడా. దుకాణం మెట్ల మీద తాను కూర్చున్న అరగంట సమ్మమ్మకు గుర్తొచ్చింది. ఆ అరగంటలో ఈ వేళ్లు తమ్ముడి పిక్క మీదే ఉన్నాయి.

“గిదే అయి ఉంటది కాకా. నువ్వు తెల్వక చేసినవు.”

“తెల్వకనే చేసిన. ఇప్పుడు తెలిసింది గదా.” లింగమూర్తి లేచి నిలబడ్డాడు. “ఆమెకు చెప్పాలె. నాకు గీ నరాల సంగతి చెప్పరాదు. నువ్వొస్తవా?”

ఆ తర్వాతి సోమవారం ఇద్దరూ బస్సెక్కారు. రఘునాథపల్లిలో మల్లవ్వ ఇంటి ముందు పత్తి ఆరబోసి ఉంది. లింగమూర్తిని చూడగానే ఆమె ముఖం వెలిగింది. “మంచిగొచ్చినవు కాకా, మోకాలు నెల సంది గుంజుతాంది,” అంటూ పీట వేసింది. ఆయన కూర్చున్నాడు, చేతులు మాత్రం ముందుకు చాపలేదు.

సమ్మమ్మ చెప్పింది. రక్తం దిగే తొవ్వ, ఎక్కే తొవ్వ, కదలని కాలిలో ఎక్కలేక పేరుకునే రక్తం, నొక్కితే ఊడే గడ్డ. మల్లవ్వ చేతిలోని పత్తిలోంచి పొట్టు ఏరుతూ వింది. కొంతసేపటికి చేతులు ఆగిపోయాయి.

“అంటే నేనన్న మాటకు గాదా?”

“కాదు అక్కా.”

మల్లవ్వ ఊపిరి ఒక్కసారిగా బయటికొచ్చింది, బరువు దించినట్టు. ఆ వెంటనే ఆమె చూపు నెమ్మదిగా లింగమూర్తి చేతుల మీదికి వెళ్లింది. అక్కడే ఉండిపోయింది. ఏడవలేదు, తిట్టలేదు. నడుముకు చెక్కిన ఫోన్ తీసి ఒక నంబర్ నొక్కింది.

“బిడ్డా, తమ్మున్ని తీస్కొని ఇంటికి రా. ఇప్పుడే. లింగమూర్తి తాత వచ్చిండు. మీ నాయిన ముచ్చట.”

ఫోన్ పెట్టేసి లోపలికి వెళ్లి తలుపు దగ్గరికి వేసుకుంది. సమ్మమ్మ లేచి, “పోదాం కాకా, బస్సున్నది,” అంటూ ఆయన భుజం పట్టుకుంది. లింగమూర్తి కదలలేదు.

“నువ్వు పో బిడ్డా. నేనుంట. అడుగుతరు గదా, ఎవలన్న చెప్పాలె.”

హైవే వైపు నుంచి మోటారుసైకిల్ చప్పుడు దగ్గరవుతోంది. సమ్మమ్మ ఒక్క క్షణం అటు చూసింది. తర్వాత బరువు కాలును చాపుకుని, పీట పక్కన నేల మీద కూర్చుంది.